వింత వస్తువుల బీరువాలో ఏమి చేర్చాలి, చీటీ మీద ఏమి రాయాలి?

సొరుగుతాళం:

అందరికీ నమస్కారం. పదేళ్లుగా పాతకాలపు వింత వస్తువులను ఒక్కొక్కటిగా పోగుచేస్తున్నాను. ఇన్నాళ్లూ అవి అట్టపెట్టెల్లోనే ఉండిపోయాయి. ఈమధ్య నాలుగు అరలు, రెండు సొరుగులు ఉన్న అద్దాల బీరువా ఒకటి సమకూరడంతో వాటన్నిటినీ బయటికి తీసి బల్ల మీద పరిచాను. అలా పరిచి చూసుకున్నప్పుడు, నా దగ్గర వస్తువులు ఉన్నాయే గాని వాటి గురించి నాకు తెలిసింది చాలా తక్కువని అర్థమైంది.

ఉన్నవి పదకొండు. అరచేతిలో ఇమిడే మడత నీడగడియారం, మడతపెట్టే ఇత్తడి కొలబద్ద, లోపలి గదులు కనిపించేలా నిలువునా కోసిన నాటిలస్ గవ్వ, మరో మూడు సముద్రపు గవ్వలు, సాలగ్రామంలా చుట్ట తిరిగిన అమ్మోనైట్ శిలాజం, సీషెల్స్ దీవుల జంట కొబ్బరికాయ, ఒకప్పుడు చీకట్లో అంకెలు మెరిసేవని చెప్పి ఇచ్చిన అలారం గడియారం, గాజు గుమ్మటం కింద నిలబెట్టిన, లోపల పీచు కూరిన పిట్ట, ఒక పెట్టెలో వరుసగా పేర్చిన గాజు కంటిగుడ్లు.

వీటిలో నాకు ప్రాణమైనది నీడగడియారం. దాని రెండు పలకలు పుస్తకంలా తెరుచుకుంటాయి. తెరిచినప్పుడు వాటి మధ్య దారం ఏటవాలుగా బిగుసుకుంటుంది. ఆ దారం నీడ కింది పలక మీది గీతలపై పడి వేళను చూపుతుంది. పలకలు మీగడ రంగులో ఉన్నాయి. దంతంతో చేసిన పదిహేడో శతాబ్దపు వస్తువని అమ్మిన వ్యక్తి చెప్పాడు. అయితే దాని ఇత్తడి బందుల చుట్టూ ఆకుపచ్చని చిలుము పొడిలా రాలుతోంది. రెండుసార్లు తుడిచినా మళ్లీ పట్టింది. అదే అట్టపెట్టెలో దాని పక్కన ఉంచిన కొలబద్దకు కూడా, గడియారం వైపున్న అంచు ఒక్కటే, అలాగే పచ్చబడింది.

ఏ వస్తువును ఎక్కడ ఉంచాలి, వేటిని బీరువాలోకి రానివ్వకూడదు, ఒక్కోదాని గురించి ఎంతవరకు రాసిపెట్టుకోవాలి అన్నవి నా ప్రశ్నలు.

పాతకాగితం:

సొరుగుతాళం గారూ, మీ మూడో ప్రశ్నకే మొదట జవాబు చెబుతాను, ఎందుకంటే తక్కిన రెండూ దాని మీదే నిలబడతాయి. ఈ రాత్రే ఒక నోటుపుస్తకం తీసుకుని, పదకొండు వస్తువులకూ తలా ఒక పేజీ కేటాయించి, ఎప్పుడు, ఎవరి దగ్గర, ఏ మాట నమ్మి తీసుకున్నారో గుర్తున్నంతవరకు రాయండి. అమ్మినవారు చెప్పిన సంగతి ఒక చోట, మీరు కళ్లారా చూసిన సంగతి వేరొక చోట ఉండాలి. ఈ రెండూ కలిసిపోతే, పదేళ్ల తర్వాత వాటిని విడదీయడం మీకు కూడా సాధ్యం కాదు.

పదహారు, పదిహేడు శతాబ్దాల ఐరోపాలో ఇలాంటి ఆశ్చర్యాల గదులు చాలా వెలిశాయి. వాటిని ఏ క్రమంలో అమర్చాలో చెప్పే గ్రంథాన్ని శామ్యూల్ క్విఖెబెర్గ్ 1565లోనే మ్యూనిక్‌లో అచ్చువేయించాడు. లండన్ దగ్గర లాంబెత్‌లో ట్రాడెస్కాంట్ అనే ఇంటిపేరు గల తండ్రీకొడుకులు, ఇద్దరూ తోటల పెంపకందారులే, ఒక పెద్ద సేకరణ కూడబెట్టారు. కొడుకు 1656లో దానికి జాబితా అచ్చువేశాడు. ఆ వస్తువులు ఎలియాస్ ఆష్మోల్ చేతికి వెళ్లి, ఆయన ద్వారా ఆక్స్‌ఫర్డ్‌కు చేరి, 1683లో ఆష్మోలియన్ మ్యూజియంగా ప్రజలకు తెరుచుకున్నాయి. అందులో గవ్వలు కుట్టిన జింక తోళ్ల వస్త్రం ఒకటి ఇప్పటికీ ఉంది. జాబితాలో దాన్ని వర్జీనియా రాజు పౌహాటన్ వస్త్రమని పేర్కొన్నారు. అది నిజంగా ఆయన కట్టిన బట్టేనా అన్న విషయంలో పండితులు ఈనాటికీ వాదించుకోవచ్చు. కాని ఆ ఒక్క పంక్తి లేకపోతే వాదించుకోవడానికి కూడా ఏమీ మిగలదు, అది ఎక్కడిదో తెలియని తోలుగుడ్డ అయిపోతుంది.

కోపెన్‌హేగన్ వైద్యుడు ఓలె వోర్మ్‌ను కూడా గుర్తుచేసుకోవాలి. ఒంటికొమ్ము గుర్రపు కొమ్మని రాజులు సైతం దాచుకున్న వస్తువు నిజానికి నార్వాల్ అనే సముద్ర జంతువు దంతమని ఆయన 1638లో, దంతం ఊడకుండా ఉన్న పుర్రెను చూపి నిరూపించాడు. దానితో ఆ దంతం మీద ఆసక్తి తగ్గవలసిన పని లేదు. మగ నార్వాల్ నోట్లోంచి రెండు మీటర్లకు మించి సూటిగా పెరుగుతూ, ఎప్పుడూ ఎడమవైపుకే మెలి తిరిగే పన్ను, ఏ కట్టుకథకూ తీసిపోని వింత.

భూతద్దం:

పాతకాగితం గారు చెప్పిన "కళ్లారా చూసిన సంగతి" రాయాలంటే ముందు ఎక్కడ చూడాలో తెలియాలి. మీ నీడగడియారాన్ని పగటి వెలుగులో, పది రెట్లు పెద్దది చేసి చూపే కటకంతో పరిశీలించండి. పలక ముఖం కన్నా దాని అంచులు, అంటే అడ్డంగా కోసిన చోట్లు, ఎక్కువ నిజం చెబుతాయి.

ఏనుగు దంతాన్ని అడ్డంగా కోస్తే రెండు దిక్కుల నుంచి వచ్చే వంపు గీతలు ఒకదాన్నొకటి దాటుతూ అల్లికలా కనిపిస్తాయి. వీటిని ష్రేగర్ గీతలంటారు. బయటి పొరల్లో ఆ గీతలు కలిసే కోణం నేటి ఏనుగుల్లో సాధారణంగా 115 డిగ్రీలకు మించి ఉంటుంది. అంతరించిపోయిన మామత్ దంతంలో 90 డిగ్రీల లోపు ఉంటుంది. నిలువు కోతలో గీతలు ఉన్నా అవి కొంచెం అలలాడుతూ, ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా సాగుతాయి. ఎముకలో ఈ అల్లిక ఉండదు. రక్తనాళాలు సాగిన సన్నని రంధ్రాలు నల్లని చుక్కలుగానో చిన్న గీట్లుగానో కనిపిస్తాయి. రెసిన్‌తో పోతపోసిన నకలైతే అంచు వెంట అచ్చు కలిసిన గీత, లోపల గాలి బుడగలు కనబడతాయి. గీతలన్నిటిలోనూ మురికి ఒకే మోతాదులో పూసినట్టు ఉంటుంది.

నాలుగోది సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్. అమెరికాలో జాన్ వెస్లీ హయాట్ కృషితో 1870 ప్రాంతంలో ఇది వ్యాపార వస్తువైంది. దంతాన్ని అనుకరించడానికి లేత, ముదురు రంగుల పలుచని పొరలను కలిపి నొక్కేవారు కాబట్టి, అందులోని చారలు కొలబద్ద పెట్టి గీసినంత తిన్నగా, సమాన దూరంలో ఉంటాయి. ప్రకృతి అంత తిన్నగా గీయదు. బొటనవేలితో గట్టిగా రుద్ది వెంటనే వాసన చూస్తే కర్పూరం తెలుస్తుంది, ఎందుకంటే దాని తయారీలో కర్పూరం కలుపుతారు.

మీ చిలుము సంగతే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తోంది. దంతం పక్కనున్న ఇత్తడిని ఇలా తినదు. సెల్యులాయిడ్ పాతబడినకొద్దీ నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులను వదులుతుంది. అవి గాలిలోని తేమతో కలిసి నైట్రిక్ ఆమ్లమై దగ్గరలోని లోహాన్ని కొరుకుతాయి. గడియారం వైపున్న అంచు మాత్రమే పచ్చబడిందని మీరు గమనించి రాయడం ఎంతో మేలు చేసింది. ఫలితం తేలేవరకు ఆ రెండింటినీ వేరుచేయండి.

మరమేకు:

భూతద్దం గారు చెప్పినవన్నీ సరైనవే. అయితే అన్నిటికన్నా త్వరగా తేల్చే పద్ధతి ఒకటుంది. సూదిని ఎర్రగా కాల్చి కనిపించని చోట గుచ్చితే, దంతమైతే సూది దిగదు, జుట్టు కాలిన వాసన వస్తుంది. ప్లాస్టిక్ అయితే సూది దిగిపోతుంది. నేను చాలా వస్తువులకు ఇలాగే పరీక్ష చేశాను.

భూతద్దం:

మరమేకు గారూ, దయచేసి ఈ పని ఎవరూ చేయకూడదని గట్టిగా చెప్పనివ్వండి. సెల్యులాయిడ్ అంటే సెల్యులోజ్ నైట్రేట్, పేలుడు పదార్థమైన తుపాకి పత్తికి దగ్గరి బంధువు. వేడి తగిలితే భగ్గున అంటుకుంటుంది. పాతబడి ఆమ్లం వదులుతున్న ముక్క ఇంకా తొందరగా అంటుకుంటుంది. మనం అనుమానిస్తున్నది సరిగ్గా ఆ పదార్థాన్నే. ఒకవేళ వస్తువు నిజమైన దంతమే అయితే, మూడు నాలుగు వందల ఏళ్లు చెక్కుచెదరకుండా వచ్చినదానికి మన చేతులతో శాశ్వతమైన మచ్చ పెట్టినవాళ్లమవుతాం. కటకం, వెలుగు, ఓపిక ఉంటే సూదితో అవసరం రాదు.

గవ్వలపెట్టె:

నా అనుభవం ఒకటి చెబితే సొరుగుతాళం గారికి నాలాంటి నష్టం తప్పుతుందన్న ఆశతో రాస్తున్నాను.

నేను ఇరవై ఏళ్లు గవ్వలు సేకరించి, వాటి కోసం ప్రత్యేకంగా ఓక్ చెక్కతో సొరుగుల పెట్టె చేయించుకున్నాను. చెక్క వాసన కూడా నాకు ఇష్టంగా ఉండేది. గవ్వలకు వెలుతురు మంచిది కాదని సొరుగులు బిగుతుగా ఉండేలా చూసుకున్నాను. మూడేళ్ల తర్వాత ఒక సొరుగు తెరిస్తే, శంకు ఆకారపు గవ్వల మీద తెల్లని నూగు కనిపించింది. బూజు అనుకుని మెత్తని గుడ్డతో తుడిచాను. నూగు పోయింది గాని, దాని కింద గవ్వ మెరుపు కూడా పోయి, సుద్దముక్కలా గరుకుగా తేలింది. వేలి కొసతో తడిమితే నునుపు ఎక్కడ ఆగిపోతోందో తెలిసేది. ఆ సొరుగులో నలభై మూడు గవ్వలుంటే ముప్పై ఒకటి అలాగే ఉన్నాయి.

దీన్ని బైన్ వ్యాధి అంటారు. 1899లో దాన్ని వర్ణించిన బైన్ అనే గవ్వల పండితుడు సూక్ష్మజీవులు కూడా కారణమని భావించాడు కనుక వ్యాధి అన్న మాట స్థిరపడిపోయింది. నిజానికి అది రసాయన చర్య. చెక్క, ముఖ్యంగా ఓక్, అసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిరిని వదులుతుంది. మూసిన సొరుగులో ఆ ఆవిరి పోగుపడి, తేమ తోడై, గవ్వలోని కాల్షియం కార్బొనేట్‌ను లవణాలుగా మారుస్తుంది. తెల్లని నూగు ఆ లవణమే. బిగుతైన సొరుగు అని నేను గర్వపడ్డానే, అదే నా గవ్వలను తినేసింది. దెబ్బతిన్నవాటిని మంచినీటిలో నానబెట్టి, పూర్తిగా ఆరబెట్టి, ఆ పెట్టెకు దూరంగా ఉంచితే చర్య ఆగుతుంది. పోయిన మెరుపు మాత్రం తిరిగి రాదు.

అందుచేత మీ బీరువా ఏ చెక్కతో చేసిందో, సొరుగులకు ఏ పలక వాడారో ముందు చూడండి. కలపపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలు కూడా ప్రమాదమే. కాల్చి గట్టిపరిచిన రంగు వేసిన లోహపు సొరుగులు, గాజు, పాలిథీన్ డబ్బాలు, ఆమ్లం లేని కాగితం గవ్వలకు మేలు. ప్రదర్శనకు వాడే పదార్థం లోహాలకు హాని చేస్తుందో లేదో తేల్చడానికి ఆండ్రూ ఆడీ 1973లో ప్రచురించిన పద్ధతిని మ్యూజియంలు ఇప్పటికీ పాటిస్తున్నాయి. వెండి, రాగి, సీసం ముక్కలను ఆ పదార్థంతో పాటు గాజు పాత్రలో మూసి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచి చూస్తారు. మీ అమ్మోనైట్‌లో బంగారు రంగు పైరైట్ మెరుపులుంటే దానికి పొడి గాలి అవసరం. గాలిలో సాపేక్ష తేమ 60 శాతం దాటితే పైరైట్ ఆమ్లంగా మారుతూ శిలాజాన్నే పిండి చేస్తుంది.

మరమేకు:

సూది గురించి భూతద్దం గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. నేను పరీక్షించిన వస్తువుల్లో సెల్యులాయిడ్ ఎదురుపడకపోవడం నా అదృష్టమే గాని నా జాగ్రత్త కాదు. ఇకమీదట ఆ పని చేయను.

నాకు బాగా తెలిసినది లోహపు పని కనుక ఆ వైపు నుంచి కొంత చెబుతాను. బందులను పట్టి ఉంచిన మరమేకులను చూడండి. 1800 ప్రాంతంలో హెన్రీ మాడ్స్‌లీ మరలు కోసే లేత్ యంత్రాన్ని మెరుగుపరిచేవరకు చిన్న మరమేకులు చాలావరకు చేతిపనే. వాటి తల పూర్తిగా గుండ్రంగా ఉండదు, తల మీది గాడి నడిమికి కాస్త పక్కగా ఉంటుంది, మర చుట్ల మధ్య దూరం మారుతుంటుంది, ఒకదాని రంధ్రంలో మరొకటి సరిపోకపోవచ్చు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటే అవి యంత్రం మీద కోసినవి. కూడిక గుర్తులాంటి గాడి ఉంటే 1930లకు ముందుది కానే కాదు. అయితే పాత వస్తువుకు ఎవరో తర్వాత కొత్త మరమేకు బిగించి ఉండవచ్చు కాబట్టి ఈ ఒక్క ఆధారంతో తీర్పు చెప్పకూడదు. రంధ్రాన్ని ఒకసారి పెద్దది చేసిన జాడ ఉందేమో కూడా చూడాలి.

అరుగుదల ఇంకా మంచి సాక్షి. తెరిచేటప్పుడు బొటనవేలు ఎక్కడ ఆనుతుందో అక్కడ అంచు నునుపెక్కాలి, వేలు చేరని మూలలో పనిముట్టు గీతలు పదునుగానే ఉండాలి. అన్ని చోట్లా ఒకే రీతిలో అరిగిన వస్తువు వాడకం వల్ల అరగలేదు, ఎవరో కావాలని అరగదీశారు.

చిలుమును చింతపండు లాంటి పుల్లని పదార్థాలతోనో పాలిష్‌తోనో తోమకండి. కొలబద్ద మీది అంకెలు లోతు తగ్గితే మళ్లీ రావు.

మేఘమాల:

ఇక్కడ అందరూ ఆమ్లాలు, మరమేకులు, పేజీల గురించి మాట్లాడుతున్నారు. అవన్నీ అవసరమేనని ఒప్పుకుంటూనే, బీరువా అన్నది దేనికోసమో మరచిపోకూడదని మనవి చేస్తున్నాను. నేపుల్స్‌లో ఫెరాంటె ఇంపెరాటో 1599లో ప్రచురించిన గ్రంథంలో ఆయన సేకరణ గది చిత్రం ఉంది. పైకప్పు నడిమిన పెద్ద మొసలి వేలాడుతోంది. దాని చుట్టూ గవ్వలు, చేపలు, నక్షత్ర చేపలు కిక్కిరిసి ఉన్నాయి. లోపలికి వచ్చినవారు తలలెత్తి చూస్తుంటే ఒకరు కర్రతో పైకి చూపిస్తున్నారు. వారు మొదట చదవలేదు, చూశారు. ప్రతి వస్తువు ముందూ అచ్చుకాగితం నిలబెడితే కళ్లు వస్తువును వదిలి అక్షరాల మీదికి వెళ్తాయి.

నేనైతే పోలికను బట్టి అమరుస్తాను. కోసిన నాటిలస్ పక్కన అమ్మోనైట్‌ను ఉంచండి. రెండింటిలోనూ ఒకే రకం గదుల వరుస, ఒకే రకం మెలి కనిపిస్తాయి. ఒకటి ఈనాటి సముద్రాల్లో బతికే జీవిది, మరొకటి ఆరున్నర కోట్ల ఏళ్ల కింద డైనోసార్లతో పాటే కనుమరుగైన వంశానిది. ఈ రెండింటినీ పక్కపక్కన చూసిన పిల్లవాడు తనంతట తానే ప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్న వేయకముందే జవాబు ఎదురుగా పెట్టవద్దని నా కోరిక.

పాతకాగితం:

మేఘమాల గారి మాటలో సత్యం ఉంది, నేను దాన్ని తోసిపుచ్చను. చీటీ వస్తువు ముందే ఉండాలని నేను అనలేదు. వస్తువుతో తెగని బంధం ఉండాలంటున్నాను. వస్తువు మీద చిన్న అంకె, పుస్తకంలో అదే అంకెతో పేజీ ఉంటే బీరువా ముఖం నిర్మలంగానే ఉంటుంది.

అంకె వేయడానికి ఒక పద్ధతి ఉంది. గవ్వ, రాయి, లోహం వంటి గట్టి వస్తువుకు కంటబడని చోట పారలాయిడ్ బి-72 అనే రెసిన్‌ను అసిటోన్‌లో కరిగించి పలుచగా ఒక పూత వేసి, ఆరాక దాని మీద ఇంకుతో అంకె రాసి, పైన మరొక పూత వేస్తారు. అవసరమైతే అసిటోన్‌తో తుడిచేయవచ్చు. సెల్యులాయిడ్‌ను మాత్రం అసిటోన్ కరిగించేస్తుంది కనుక, అలాంటి వస్తువుకూ, ఈకలకూ, గుడ్డకూ నూలుదారంతో చీటీ కట్టడమే సరి.

జాన్ బార్‌గ్రేవ్ అనే ఆయన ఇంగ్లండులోని కాంటర్‌బరీ కేథడ్రల్‌లో మతాధికారి. 1680లో మరణించాడు. ఇటలీ, ఫ్రాన్స్ దేశాల్లో తిరిగినప్పుడు ఏరుకున్న చిన్నచిన్న వస్తువులను బీరువాల్లో పెట్టి, వాటికి తన చేతితోనే జాబితా రాశాడు. వాటిలో చాలావరకు రోము నగరపు శిథిలాల్లోంచి తెచ్చిన రాతిముక్కలు. చూస్తే ఎవరైనా ఊడ్చి పారేసేవే. ఏ ముక్క ఎక్కడిదో ఆయన రాసిపెట్టాడు కనుకనే ఆ బీరువాలు, ఆ ముక్కలు, ఆ జాబితా ఈనాటికీ ఆ కేథడ్రల్ అధీనంలో భద్రంగా ఉన్నాయి.

సొరుగుతాళం:

మీరందరూ చెప్పినట్టే చేశాను. ఉదయపు వెలుగులో పలక అంచును కటకంతో చూశాను. అల్లిక లేదు, నల్లని చుక్కలు లేవు. ఒక కొస నుంచి మరో కొసకు చారలు తిన్నగా, సమానమైన ఎడంతో సాగాయి. బొటనవేలితో రుద్దాను. మొదటిసారి ఏమీ తెలియలేదు. రెండోసారి ఇంకాస్త గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా, సందేహం లేకుండా కర్పూరం వాసన వచ్చింది. మరమేకులు నాలుగూ ఒకేలా ఉన్నాయి, గాళ్లు సరిగ్గా నడిమిన ఉన్నాయి.

రెండు రోజులు బాధపడ్డాను. దాని కోసం నేను చాలాకాలం ఆగి డబ్బు కూడబెట్టాను. ఆ తర్వాత మళ్లీ తెరిచి ఎండలో పెట్టాను. దారం నీడ గీత మీద పడింది. దంతం కాకపోయినా అది నీడగడియారమేనని, దాన్ని ఇంత ఓపికగా చేసిన మనిషి ఎవరో ఉన్నారని అనిపించి, మనసు కుదుటపడింది.

ఇంకో సంగతి. వైద్యవిద్యార్థులు ఒకప్పుడు చదువుకు వాడారంటూ మనిషి చేతి ఎముకల కూర్పు ఒకటి నాకు అమ్ముతామని అడుగుతున్నారు. పిట్ట, అలారం గడియారం గురించి కూడా ఎవరైనా చెబితే కృతజ్ఞుణ్ణి.

చేతితొడుగు:

పిట్ట, గడియారం సంగతి నేను చెబుతాను. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన బెకూర్ అనే ఆయన ఆర్సెనిక్ కలిపిన సబ్బును రూపొందించాడు. చర్మాన్ని పురుగులు తినకుండా దాన్ని లోపలివైపు పూసేవారు. ఇరవయ్యో శతాబ్దంలో కూడా చాలాకాలం వాడారు. కాబట్టి పాత పిట్ట ఏదైనా అందులో ఆర్సెనిక్ ఉందనుకునే వ్యవహరించాలి. గుమ్మటం తీయకండి. తీయక తప్పకపోతే తొడుగులు వేసుకోండి, దుమ్మును నోటితో ఊదకండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. ఈకల కింద గోధుమరంగు పొడి, పురుగులు విడిచిన పొట్టు కనిపిస్తున్నాయేమో గుమ్మటం బయటినుంచే నెలకోసారి చూడండి.

అలారం గడియారం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అంకెలకు రేడియం అనే అణుధార్మిక పదార్థం కలిపిన రంగు పూసేవారు. అంకెలు ఇప్పుడు మెరవడం లేదు కదా అని ధైర్యపడకూడదు. మెరుపునిచ్చే జింక్ సల్ఫైడ్ కొన్నేళ్లలో అలసిపోతుంది. రేడియం మాత్రం సగానికి తగ్గడానికి దాదాపు 1600 ఏళ్లు పడుతుంది. గాజు తీసి రంగును తాకడం, గీకడం ఎన్నడూ చేయకండి. రేడియం నుంచి రేడాన్ వాయువు వెలువడుతుంది కనుక మూసిన అద్దాల బీరువాలో దాన్ని పెట్టవద్దు. అణుధార్మికతను కొలిచే గైగర్ కౌంటర్ ఉన్నవారి చేత కొలిపించి, రేడియమని తేలితే మీ ప్రాంతంలో అలాంటి పదార్థాలను స్వీకరించే అధికారులను అడగండి. బీరువాలోకి రానివ్వకూడనివి ఏవని మీరు అడిగారు. నా జాబితాలో ఇదే మొదటిది.

దస్త్రం:

నా జాబితాలో మొదటిది ఆ చేతి ఎముకలు. కొనవద్దని స్పష్టంగా చెబుతున్నాను. ఆ చెయ్యి ఒక మనిషిది. తన ఎముకలు బీరువాలో ఉండటానికి ఆ మనిషి ఒప్పుకున్నట్టు మీకు ఇచ్చేవారు చూపలేరు. పాతకాగితం గారు మెచ్చిన బార్‌గ్రేవ్ సేకరణలోనే తులూజ్ నుంచి తెచ్చిన ఒక ఫ్రాన్స్ దేశస్థుడి వేలు ఉంది. ఆయన దాన్ని కూడా శ్రద్ధగా జాబితాలో రాశాడు. రాసిపెట్టినంత మాత్రాన అది న్యాయమైపోలేదు. ఈనాడు ఎన్నో మ్యూజియంలు తాము ఒకప్పుడు తెచ్చుకున్న మానవ అవశేషాలను వారి వారసులకు తిరిగి అప్పగిస్తున్నాయి.

మిగతా వస్తువులకు కాగితాలు చూసుకోండి. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం 1973లో కుదిరి 1975లో అమలులోకి వచ్చింది. ఆఫ్రికా ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే నిర్ణయం 1989లో జరిగింది. మీ నీడగడియారం దంతం కాకపోవడం ఆ రకంగా మేలే అయింది. నాటిలస్ గవ్వలు కూడా 2016 నాటి సైటిస్ సమావేశ నిర్ణయంతో నియంత్రణలోకి వచ్చాయి. మీది అంతకు ముందు కొన్నదైతే ఆ రశీదును ప్రాణంలా దాచుకోండి. జంట కొబ్బరికాయను సీషెల్స్ ప్రభుత్వం అనుమతి పత్రం లేనిదే దేశం దాటనివ్వదు. తవ్వకాల్లో దొరికిందని చెప్పే ఏ వస్తువైనా, సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అడ్డుకునే 1970 నాటి యునెస్కో ఒప్పందానికి ముందే అది తన దేశం దాటిందని చూపే ఆధారం లేకపోతే, ఎంత అందంగా ఉన్నా వదిలేయాలన్నది నా నియమం. దేశదేశానికీ చట్టం వేరు కనుక మీ చోట ఏమి వర్తిస్తుందో అడిగి తెలుసుకోండి.

పాతకాగితం:

దస్త్రం గారు సరిచేసినందుకు కృతజ్ఞతలు. బార్‌గ్రేవ్ గురించి రాసేటప్పుడు ఆ వేలును ప్రస్తావించకుండా దాటేయడం నా పొరపాటే. అడగవలసిన మొదటి ప్రశ్న "ఇది మన దగ్గర ఉండవచ్చా" అన్నది. చీటీ ఆ తర్వాతి మాట.

మేఘమాల:

బీరువాలోకి ఏవి రావాలో తేలింది కనుక వెలుతురు గురించి ఒక మాట. ఈకలు, రంగులద్దిన గుడ్డలు, కాగితం వంటివాటికి మ్యూజియంలు 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించి వెలుతురు పడనివ్వవు. వెలిసిన రంగు తిరిగి రాదు. పిట్టను కిందిదైన, చీకటిగా ఉండే అరలో ఉంచండి. దీపం బీరువా లోపల బిగించకండి. లోపలి దీపం గాలిని వేడెక్కించి, ఆర్పినప్పుడు తేమను మారుస్తుంది. గాజు కంటిగుడ్లకు వెలుతురుతో భయం లేదు కనుక పై అరలో, చూసేవారి కళ్ల ఎత్తున ఉంచండి. పెట్టె మూత తెరిచి ఉంచితే అవి వచ్చినవారిని చూస్తున్నట్టే ఉంటుంది.

సొరుగుతాళం:

చేతి ఎముకలు వద్దని చెప్పేశాను. అలారం గడియారాన్ని కొలిపించాను; రేడియమేనని తేలింది. స్వీకరించేవారికి రేపు అప్పగిస్తున్నాను. బీరువా సొరుగులు కలపపొట్టు పలకతో చేసినవే కనుక గవ్వలన్నిటినీ గాజు అరల మీదికి మార్చాను. నాటిలస్, అమ్మోనైట్ పక్కపక్కన ఉన్నాయి. పుస్తకంలో మొదటి పేజీ పూర్తయింది. లోపం ఉంటే సరిదిద్దుతారని దాన్ని ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అంకె 1. మడత నీడగడియారం, దిక్సూచితో. పొడవు 9 సెంటీమీటర్లు, వెడల్పు 6.

అమ్మినవారు చెప్పింది: దంతం, పదిహేడో శతాబ్దం. రశీదు లేదు.

నేను చూసింది: తిన్నని సమాంతర చారలు, రుద్దితే కర్పూరం వాసన, నాలుగు మరమేకులూ యంత్రంపై కోసినవి, బందుల మీద ఆకుపచ్చ చిలుము. సెల్యులాయిడ్. 1870 కన్నా ముందుది కాదు. ఎవరు చేశారో తెలియదు.

పని తీరు: ఎండలో దారం నీడ గీతల మీద సరిగ్గా పడుతోంది.

అంకె వేసిన విధం: నూలుదారంతో కట్టిన చీటీ.

ఉంచిన చోటు: బీరువాలో కాదు. ఎండకు, వేడికి, లోహాలకు దూరంగా, గాలి ఆడే విడి అరలో, ఆమ్లం లేని కాగితం మీద. మూడు నెలలకోసారి చిలుము చూడాలి.